999 దగ్గరే మోక్షం

పాట పవిత్రంగా ఉందో లేదో తేల్చడానికి ఇన్నాళ్లూ సరైన కొలబద్ద లేకపోయింది. 2024లో పాటల యాప్ స్పాటిఫై ఆ లోటు తీర్చింది. గడిచిన 12 నెలల్లో ఒక ట్రాక్ కనీసం 1,000 సార్లు మోగకపోతే, ఆ రికార్డింగుకు చిల్లిగవ్వ రాలదు. అంటే 999 దాకా కళ, ఆ పైన వ్యాపారం. స్వతంత్ర సంగీతకారుల్లో చాలామంది ఈ గీత దాటకుండా ఎంత నిష్ఠగా ఉంటున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. కొందరు మాత్రం పొరపాటున శ్రోతల్ని సంపాదించేసుకుంటున్నారు. వారి క్షేమం కోరి ఈ నాలుగు మాటలు.

ముందుగా తేదీ సంగతి. విడుదలకు కనీసం 7 రోజుల ముందు ఆర్టిస్ట్ అకౌంటు నుంచి పాటను పిచ్ చేస్తే, అంటే పరిశీలించమని స్పాటిఫైకి పంపితే, ఫాలో అవుతున్నవాళ్ల కొత్త పాటల జాబితా ‘రిలీజ్ రాడార్‌’లోకి అది వెళ్లి కూర్చుంటుంది. ఇంతకన్నా ప్రమాదం ఉందా? కాబట్టి మిక్సింగ్ ముగిసిన రాత్రే అప్‌లోడ్ చేసి, ‘రేపే విడుదల’ అని చాటింపు వేసేయాలి. కవరు బొమ్మ మీద వెబ్ అడ్రసు ఉందంటూ, పాటను యాప్‌లకు చేరవేసే డిస్ట్రిబ్యూటరు దాన్ని తిప్పి పంపుతాడు. చెప్పిన రోజు వస్తుంది, పాట రాదు. నాలుగు వారాల ముందే తుది రికార్డింగు అప్పజెప్పి నిమ్మళంగా ఉండటం గుమాస్తాల లక్షణం.

పేరు విషయంలో ఉదారంగా ఉండాలి. ఒక పాటకు ఇంటిపేరుతో, ఇంకోదానికి అది లేకుండా, మూడోదానికి మధ్యలో చుక్క పెట్టి రాస్తే, ఒకే మనిషికి మూడు ప్రొఫైళ్లు పుట్టే అవకాశం పుష్కలం. డిస్ట్రిబ్యూటరు మారినప్పుడు రికార్డింగును గుర్తుపట్టే పాత ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌ను మాత్రం వాడకండి. ఆ 12 అక్షరాల కోడ్ అదే ఉండి, ఫైలూ వివరాలూ మారకపోతే పాత ప్లేల లెక్క కొత్త అప్‌లోడ్‌కూ అంటుకుంటుంది. కొత్త కోడ్ తీసుకుంటే మళ్లీ సున్నా. సున్నాను మించిన శుద్ధి ఏముంది!

ఒక ప్లే లెక్కకు రావాలంటే 30 సెకన్లు వినాలి. అందుకని మొదటి 40 సెకన్లూ వాన చప్పుడు, దూరాన ఎక్కడో తలుపు కిర్రుమనడం ఉంటే చాలు. పాటకు తుది మెరుగు పెట్టే మాస్టరింగ్‌లో, గట్టితనాన్ని కొలిచే లఫ్స్ లెక్కన మైనస్ 6 దాకా నొక్కి పంపండి. మామూలు సెట్టింగులో స్పాటిఫై దాన్ని మైనస్ 14కు, అంటే 8 డెసిబెల్స్ కిందకు దించేస్తుంది. గట్టితనం పోతుంది, నలిగిన డ్రమ్ములు మిగులుతాయి.

‘పదివేల స్ట్రీములు గ్యారంటీ’ అనేవాళ్లను చూసి గీత దాటిపోతామేమోనని బెంగపడకండి. ఆ వినేది మనుషులు కాదు, బాట్లు, అంటే పాటలు తిప్పే ప్రోగ్రాములు. స్పాటిఫై ఆ స్ట్రీములను లెక్కలోంచి తీసేసి, డిస్ట్రిబ్యూటరుకు జరిమానా వేస్తుంది. అతగాడు దాన్ని మన నెత్తిన రుద్ది, ఒక్కోసారి పాటనే దించేస్తాడు. ఇంట్లోని నాలుగు ఫోన్లలో రాత్రంతా తిప్పినా భయం లేదు. వెయ్యి ప్లేలతో పాటు వేర్వేరు శ్రోతలు ఇంతమంది ఉండాలన్న షరతూ ఉంది. ఆ ‘ఇంత’ ఎంతో వాళ్లు చెప్పరు.

రాసినవాడు, పాడినవాడు, బీటు కట్టినవాడు కూర్చుని, మొత్తం 100 వచ్చేలా వాటాలు కాగితం మీద పెట్టి సంతకాలు చేసుకోవాలంటారు కొందరు చాదస్తులు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! డబ్బొచ్చాక, మాటలు పోయాక, లాయర్ల సమక్షంలో తేల్చుకోవడంలో ఉన్న నిండుదనం వేరు.

అసలు ముప్పు అమ్మకంలో ఉంది. పాటలు నేరుగా శ్రోతలకు అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ పాట మీద 15 శాతం, వస్తువుల మీద 10 శాతం తీసుకుని, చెల్లింపు ఖర్చులు పోగా మిగతాది మనకే ఇచ్చేస్తుంది. కనీస ధర పెట్టి ‘ఆపైన మీ ఇష్టం’ అంటే, కొందరు సిగ్గు లేకుండా అడిగినదానికన్నా ఎక్కువే ఇస్తారు. అది చాలదన్నట్టు, కొన్నవాడు ఒప్పుకుంటే అతని ఈమెయిల్ కూడా మన చేతికొస్తుంది. అల్గారిదం మారినా, అకౌంటు ఎగిరిపోయినా ఆ జాబితా మనల్ని వదలదు. తర్వాతి పాట విడుదలైన రోజున ఉత్తరం నేరుగా వాళ్ల ఇన్‌బాక్స్‌లో పడుతుంది. కచేరీల్లో ఇంకా జాగ్రత్త అవసరం. చివరి పాటకు ముందు, జనం ఇంకా కుర్చీల్లో ఉండగా, క్యూఆర్ కోడ్ చూపించి అడిగితే ఈమెయిల్ ఇచ్చేస్తారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కాబట్టి, అడక్కుండా ఉంటే సరి. తప్పదనుకుంటే చివరి పాట కూడా అయ్యాక, సగం హాలు తలుపు దాటాక, మైకు ఆపేసి అడగండి.

ఇంత చేసినా, 998 దగ్గర ఎవడో ఒకడు ‘అన్నా, ఈ పాట ఎక్కడ కొనాలి?’ అని కామెంటు పెడతాడు. కంగారొద్దు. ‘లింకు బయోలో ఉంది తమ్ముడూ’ అని, ఓ దండం బొమ్మ జతచేసి జవాబివ్వండి. బయోలో ఉన్నది కిందటి పాట లింకు. నొక్కితే 404.