పాఠకులకు పేర్లు పెట్టే హక్కా?

గ్రంథాలయాలకు పెద్ద ఆపదే వచ్చిపడింది. పుస్తకం దేని గురించో ‘ట్యాగు’ అనే గుర్తుమాటతో తమకు తోచినట్టు చెప్పే హక్కును దాన్ని చదివినవాళ్లకు కట్టబెడుతున్నారు. చదవకుండానే వర్గీకరించే విద్యను కష్టపడి నేర్చుకున్న, గ్రంథాలయ పుస్తకాల జాబితా రాసే క్యాటలాగర్లం మేమేమైపోవాలి?

1876లో అమెరికా గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ లోకజ్ఞానాన్నంతా పది తరగతులుగా పంచిపెట్టాడు. మతానికి 200ల అంకెలు ఇచ్చాడు. అందులో 220ల నుంచి 280ల దాకా బైబిలుకూ క్రైస్తవానికీ రాసిచ్చి, భూమ్మీది మిగతా మతాలన్నిటినీ 290లలో సర్దుకోమన్నాడు. సర్దుకున్నాయి. క్రమశిక్షణ అంటే అదీ!

ఇప్పుడు చూడండి. 2004లో థామస్ వాండర్ వాల్ ఈ ట్యాగుల వ్యవహారానికి ‘ఫోక్సానమీ’ (జనం చేసే వర్గీకరణ) అని నామకరణం కూడా చేశాడు. మరుసటి ఏడాది లైబ్రరీథింగ్ అనే వెబ్‌సైటు వచ్చింది. జనం తమ ఇంటి పుస్తకాలకు తామే, జీతం బత్తెం లేకుండా, సరదాగా క్యాటలాగు రాసుకోవడం మొదలుపెట్టారు. సరదాగా! మా వృత్తికి ఇంతకన్నా అవమానం ఉంటుందా? 2007 నుంచి అవే ట్యాగులను గ్రంథాలయాలు డబ్బిచ్చి తెచ్చుకుని తమ క్యాటలాగుల్లో పెట్టుకుంటున్నాయి. ఊరికే రాస్తామన్న పాఠకులు వాటి గుమ్మంలోనే ఉన్నారనుకోండి, కానీ డబ్బు పెట్టి కొన్నదానికి ఉండే గౌరవం వేరు.

ఈ ట్యాగుల తీరు ఎలాంటిదంటే, ఒకే నవలకు ఒకరు ‘ఏడిపించింది’ అంటారు, మరొకరు ‘అటక మీద ఉంది’ అంటారు. ఎవరి అటక? ఇంకొకరు ‘అమ్మ పోయాక చదవాలి’ అని రాస్తారు. మేము దానికి ‘కుటుంబ సంబంధాలు – కల్పన’ అని నిర్దుష్టమైన విషయశీర్షిక ఇచ్చి ఉంటాం. అయినా ఆ దుఃఖంలో ఉన్న మనిషి అమ్మ పేరున్న ట్యాగే పట్టుకుని తిన్నగా అలమర దగ్గరికి వెళ్లి, కౌంటరులో ఎవరినీ ఒక్కమాట అడగకుండా పుస్తకం తీసుకుపోతుంది. పాఠకుల సమయం ఆదా చేయాలని 1931లో మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ సూత్రం రాసిన మాట నిజమే. మరి అలా మిగిలిపోయిన మా సమయాన్ని ఏం చేసుకోవాలో ఆయన రాయలేదు.

అన్నిటికన్నా కలవరపెట్టేది అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉదంతం. 2008 జనవరిలో మూడు వేలకు పైగా పాత ఫొటోలను ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైటులో పెట్టి, ట్యాగులు రాయండని జనాన్ని పిలిచింది. అక్టోబరుకల్లా 2,518 ఖాతాల నుంచి 67,176 ట్యాగులు వచ్చిపడ్డాయి. బూతులు రాస్తారు, గోడలు పాడుచేస్తారు అని ఎంతో ఆశగా ఎదురుచూశాం. అనుచితమని తొలగించాల్సి వచ్చినవి, వ్యాఖ్యలతో కలిపినా, 25 లేవు. పైగా జనం ఇచ్చిన సమాచారంతో ఐదు వందలకు పైగా రికార్డులను ఆ సంస్థే మెరుగుపరచుకోవాల్సి వచ్చింది. ప్రజలు ఇంత బాధ్యతారహితంగా సక్రమంగా ప్రవర్తిస్తే ట్యాగులను వడపోయాల్సిన మా పరిశీలక సంఘాలు ఎలా బతుకుతాయి?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ట్యాగు రాయదలచినవారు సభ్యత్వ సంఖ్యతో దరఖాస్తు పెట్టుకోవాలి. పుస్తకం చదివినట్టు రుజువు జతచేయాలి (ఈ నిబంధన పరిశీలక సంఘ సభ్యులకు వర్తించదు). మూడు నెలల్లో అభ్యంతరం రాకపోతే ఆ ట్యాగును తిరస్కరించినట్టు భావించాలి.

ఈ నియమావళి ముసాయిదాను అందరూ కలిసి దిద్దుకునేలా సిబ్బంది వికీలో పెట్టాలని తీర్మానించాం కూడా. ఎవరైనా దిద్దేస్తారేమోనన్న భయంతో ఆ వికీకి తాళం వేసి ఉంది. పాస్‌వర్డు పెట్టినాయన పదవీ విరమణ చేశారు. ఆయనకు పోస్టులో ఉత్తరం రాశాం.