మూడు నిమిషాల నింగి

కర్నూలు నుంచి కడపకు విమానంలో ఎంత దూరమని ఇంటర్నెట్‌ను అడగండి. తడుముకోకుండా చెప్తుంది: 150 కిలోమీటర్లు, అరగంట. నేరుగా పోయే విమానం ఉందా అని మాత్రం అడక్కండి. శుభమా అని దూరం కొలుస్తుంటే అదేం ప్రశ్న?

లెక్క తప్పేం కాదు. కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లుకూ కడప విమానాశ్రయానికీ మధ్య భూమి వంపు మీదుగా గీసిన గీత పొడవు అంతే. విమానాల కొలత అయిన నాటికల్ మైళ్లలో (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు) 80. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు చుట్టి పోయే రోడ్డేమో 205 కిలోమీటర్లు. ఏకంగా 55 ఆదా! కాకపోతే ఓర్వకల్లు ఉన్నదే ఆ రోడ్డు మీద. విమానం ఎక్కబోతూనే 20 కిలోమీటర్లు కడప దిక్కు వచ్చేసి ఉంటాం.

ఇక వేగం. ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం గంటకు 500 కిలోమీటర్లు పోతుంది, కాబట్టి 18 నిమిషాలు చాలంటారు మేధావులు. ఆ వేగం పైకెక్కాక వచ్చేది. 12,000 అడుగులు ఎక్కడానికి పది నిమిషాలు, 30 నాటికల్ మైళ్లు పడతాయి. దిగడానికి పైలట్ల వాడుక లెక్క వెయ్యి అడుగులకు మూడు మైళ్లు, అంటే 36. మిగిలింది 14 మైళ్లు, మూడు నిమిషాలు. కోవెలకుంట్ల దగ్గర ఎక్కడం అయిపోతుంది, కుడి కిటికీలో ప్రొద్దుటూరు కనబడేసరికి దిగుతూ ఉంటాం. బెల్టు విప్పడం, నీళ్లు తాగడం, స్టేటస్‌కు ఫొటో తీయడం అన్నీ ఆ మూడు నిమిషాల్లోనే. గాలి తిరగబడి రన్‌వే అవతలి కొస నుంచి దిగాల్సొస్తే చుట్టు తిరగడానికి ఇంకో ఐదారు నిమిషాలు. పైగా కడపలో దిగలేకపోతే వేరే ఊరికి పోవడానికీ, అక్కడ మరో అరగంట తిరగడానికీ ఇంధనం మోయాలి. దారి ఖర్చు కంటే చద్దిమూటే బరువు.

ఇంటి నుంచి ఓర్వకల్లుకు నలభై నిమిషాలు. కౌంటర్ గంట ముందే మూస్తారు కాబట్టి గంటన్నర ముందుండాలి. విమానంలో చక్రాల కింద దిమ్మలు తీసి మళ్లీ పెట్టేదాకా ముప్పావు గంట వేసుకోండి. పెట్టె కోసం ఇరవై, ఆటోకు ఇరవై ఐదు. మొత్తం మూడు గంటల నలభై నిమిషాలు. పక్కింటాయన కారులో అప్పటికి కడప చేరి కారం దోశ రెండోది చెప్పి ఉంటాడు. ఆయనకు 15 కిలోల లగేజీ నిబంధన కూడా లేదు.

నేరు విమానం లేదు కాబట్టి బెంగళూరు మీదుగా పోదామంటే అటు 285, ఇటు 185. మొత్తం 470 కిలోమీటర్లు ఎగిరితే 150 కిలోమీటర్లు జరుగుతాం.

అనంతపురం వాళ్లు ఈ చర్చలో తలదూర్చకూడదు. విమానం ఎక్కడానికని బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లికి వాళ్లు పోయే రోడ్డే 180 కిలోమీటర్లు. మా మొత్తం ఆకాశం కంటే ఎక్కువ.