మహారాజశ్రీ ఫ్లష్ ట్యాంకు గారికి

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా తాతగారి నాటి మర్యాద. కానీ నిన్నటి నుంచి మీరూ కుశలంగా లేరు, నేనూ లేను. కృష్ణా పైపులైనుకు మరమ్మతులు, 36 గంటలు నీళ్లు రావు అని ముందే చెప్పారు. మా బోరు ఏప్రిల్‌లోనే ఎండిపోయిన సంగతి మరిచి, నేనే తేలిగ్గా తీసుకున్నాను. పొద్దున్నే మీ మీట నొక్కితే ముసలి పిల్లి దగ్గినట్టు ఒక శబ్దం చేసి ఊరుకున్నారు.

గోడకు వీపు ఆనించి జమీందారులా కూర్చుంటారు. కొత్తగా వచ్చిన మీ తమ్ముళ్లు చిన్న మీటకు మూడు, పెద్ద మీటకు ఆరు లీటర్లతో సరిపెట్టుకుంటుంటే, తమరికి నొక్కిన ప్రతిసారీ పది కావాలి. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, మోటార్లు ఎత్తిపోస్తుంటే, కోదండాపూర్‌లో శుద్ధి చేయించుకుని హైదరాబాదు దాకా వచ్చే కృష్ణమ్మకు మీ ఇంట జరిగే ఆతిథ్యం ఏమిటో వేరే రాయనక్కర్లేదు.

మీరు చేతులెత్తేశాక ఆదుకున్నది పిడి విరిగి నైలాన్ తాడు కట్టించుకున్న బకెట్టు. అమ్మ ముందు రోజే వాషింగ్ మెషీన్ వదిలిన నీళ్లు రెండు టబ్బుల్లో పట్టి ఉంచింది. నేను మగ్గుతో ఎనిమిదిసార్లు పోశాను. నీళ్లు పోయాయి, పోవలసింది పోలేదు. "అభిషేకం చేస్తున్నావేమిటిరా? సగం బకెట్టు ఒక్కసారే కుమ్మరించు" అంది అమ్మ. కుమ్మరించాను. గుడగుడమంటూ అంతా వెళ్లిపోయింది. ఇన్నేళ్లుగా మీరు ప్రదర్శిస్తున్న విద్య ఇంతేనా, స్వామీ!

కష్టపడేది మీ కింద ఉన్న గొట్టం వంపు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు లండన్‌లో అలాంటి వంపు ఉన్న మరుగుదొడ్డికే పేటెంటు తీసుకున్నాడు. ఆ వంపు కాసిని నీళ్లు నిలుపుకుని మురుగు కంపును అక్కడే ఆపుతుంది. ఎవరూ వాడని బాత్రూములో ఆ నీళ్లు ఎండితే ఇల్లంతా కంపే. అప్పుడప్పుడూ ఓ మగ్గు పోస్తే చాలు, దానికి అంతకు మించి కోరిక లేదు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు రాస్తాను. పోయిన వానాకాలం డ్రైనేజీ లైను పూడుకుపోయినప్పుడు మీరు బ్రహ్మాండంగా పనిచేశారు. మేం పైన నొక్కాం, మీరు వదిలారు, మా కళ్ల ముందు నుంచి మాయమైంది. తేలింది మాత్రం కింద వాచ్‌మన్ గదిలో. ఆయన భార్య గడపకు గోనె సంచులు అడ్డం పెట్టి, చీపురుతోనే మెట్లెక్కి ప్రతి తలుపూ తట్టింది. "కాసేపు నొక్కకండమ్మా, మా బియ్యం డబ్బా దాకా వచ్చింది." అందరం తలూపాం. మనిషిని దింపితే చవకలో అయిపోతుందని కమిటీలో ఒకాయన సలహా ఇచ్చాడు. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరమని గుర్తు చేస్తే, యంత్రం ఖర్చు ఎవరు పెట్టుకోవాలని రెండు రోజులు వాదించుకున్నారు. యంత్రం మూడో రోజు వచ్చింది. ఆ మూడు రోజుల్లో నేను అలవాటు కొద్దీ మిమ్మల్ని ఎన్నిసార్లు నొక్కానో మీకే తెలుసు. దయచేసి కింద చెప్పకండి.

ఇప్పుడే నీళ్లు వచ్చాయి. మీరు బుసలు కొడుతూ నిండుతున్నారు. మీ కడుపులో నీళ్లు నింపిన లీటరు సీసా ఒకటి పడుకోబెట్టాను, నొక్కినప్పుడల్లా ఆ మేరకు నీళ్లు తక్కువ పడతాయి, అలగకండి. బకెట్టు ఇక మీ పక్కనే ఉంటుంది. కాస్త జరగండి.

ఇట్లు,
మూడో అంతస్తు