వారానికో పుస్తకం మరీ ఎక్కువ

ఆరేళ్ల పిల్లల ఇంటి చదువుకి వారానికో కొత్త పుస్తకం చొప్పున ఏడాది పట్టిక ఇచ్చారు వ్యాసంలో. కథలతోనే చదువు నడపాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. ఈ లెక్క దగ్గరే నా అభ్యంతరం. ఆ వయసు పిల్లలు నచ్చిన కథనే మళ్లీ మళ్లీ చదవమంటారు. నేను ఒక్క మాట మార్చి చదివినా మా పాప "అలా లేదు నాన్నా" అని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూపిస్తుంది. చదవడం వంటబట్టేది అక్కడే. నెలకి రెండు పుస్తకాలు చాలు. అదే కథ సాయంత్రం ఫోన్‌లో అమ్మమ్మకి చెప్పించండి. ఈ వయసులో రాతపని కన్నా అదే మేలు.

తెలుగు పుస్తకాలు దొరకవన్న టెన్షన్ అక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం. 1 నుంచి 4 దాకా స్థాయిలు ఉంటాయి, ప్రింట్ తీసి కుట్టుకోవచ్చు కూడా. నేషనల్ బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థల బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. బడికి వెళ్లకపోతే సర్టిఫికెట్ ఎలా అని ఇప్పుడే కంగారెందుకండీ? ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) వాళ్ల ఓబీఈ, అంటే ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఎ లెవెల్ 3వ తరగతికి సమానం, అది తర్వాత చూసుకోవచ్చు. లెక్కలకి మాత్రం రోజూ విడిగా కాసేపు పెట్టండి, వాటిని కథల్లో ఇరికించకండి.