హెల్మెట్ సెన్సర్ ఉండాల్సింది బకిల్‌లో

2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక సీట్లో కూర్చున్నవాళ్లు. ఇది కేంద్ర రవాణా శాఖ నివేదికలోని లెక్క. 2019 చట్ట సవరణతో జరిమానా వెయ్యి రూపాయలైంది, లైసెన్సుపై మూడు నెలల వేటు కూడా వచ్చింది. అయినా పోలీసు కనిపించగానే మోచేతికి వేలాడే హెల్మెట్ తలకెక్కడం, సిగ్నల్ దాటగానే మళ్లీ ట్యాంకు మీదికి చేరడం రోజూ చూస్తున్నదే.

అందుకే హెల్మెట్ పెట్టుకుంటేనే స్టార్టయ్యే బండి అనగానే అందరికీ నచ్చుతుంది. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇది ఇష్టమైన ప్రాజెక్టు. హెల్మెట్ స్పాంజి వెనక ప్రెషర్ సెన్సర్, ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెడతారు. బండిలో రిసీవర్, దానికో రిలే (సిగ్నల్‌తో పనిచేసే స్విచ్) ఉంటాయి. తల దూరగానే సిగ్నల్ అందుతుంది, ఇగ్నిషన్ కలుస్తుంది. కానీ ఆ స్పాంజికి తువ్వాలు కుక్కి ఒత్తినా సెన్సర్ దాన్ని తలే అనుకుంటుంది. పైగా పట్టీ బిగించని హెల్మెట్ కింద పడగానే ఊడి ఎగిరిపోతుంది. కాబట్టి సెన్సర్ గడ్డం కింద బకిల్‌లోనూ ఉండాలి. తల లోపలుండి, బకిల్ క్లిక్కుమంటేనే హెల్మెట్ పెట్టుకున్నట్టు లెక్క.

ఇంజిన్ స్టార్టు కాకుండా ఆపడం మాత్రం నాకు సమ్మతం కాదు. అమెరికాలో 1974 మోడల్ కార్లకు బెల్టు పెట్టుకోకపోతే స్టార్టు కాని ఏర్పాటు తెచ్చారు. పక్క సీట్లో సరుకుల సంచి పెట్టినా కారు మొరాయించేది. జనం మండిపడ్డారు, అదే ఏడాది అక్టోబరులో అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ ఆ నిబంధనను ఎత్తేసింది. ఇక్కడా అంతే. అర్ధరాత్రి ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే, హెల్మెట్ బ్యాటరీ అయిపోయి బండి కదలకపోతే, మర్నాడే ఆ వైరును మెకానిక్‌తో తీయించేస్తారు.

2019 జూలై నుంచి మన కార్లలో తప్పనిసరైన సీటు బెల్టు అలారం దారే మేలు. దాన్నీ ఏమార్చే క్లిప్పులు ఆన్‌లైన్లో అమ్మారు. వాటిని తీసేయమని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించింది. హెల్మెట్ విషయంలో ఆ నిఘా మొదటి రోజు నుంచే ఉండాలి.

ఖర్చు సంగతి. తలకు పెట్టుకోగానే గుర్తించే హాలో హెల్మెట్, ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్‌ది, 2024లో వచ్చినప్పుడు ధర పది వేలు దాటింది. అందులోని పాటలు, ఫోన్ కాల్స్ మనకక్కర్లేదు, తల సెన్సర్, బకిల్ స్విచ్ చాలు. కొత్త బండితో హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఇప్పటికే ఉంది. ఆ హెల్మెట్‌లోనే సెన్సర్ పెట్టించి, బకిల్ పెట్టేదాకా మీటరులో లైటు, బీప్ ఆగకుండా చేయాలి. వెనక సీటుకూ ఒక లైటు ఉండాలి.