కాలేయ క్యాన్సర్: రక్తపరీక్షా, స్కానింగా?

కాలేయ క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి రక్తపరీక్ష మేలా, కడుపు స్కానింగ్ మేలా అన్న ప్రశ్నకు జవాబు అడిగే మనిషిని బట్టి మారుతుంది. సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్నవారికి ఆరు నెలలకోసారి రెండూ కావాలి. ఏ ముప్పూ లేనివారు హెల్త్ ప్యాకేజీలో ఉంది కదా అని ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ఒక ప్రోటీన్‌ను కొలిచే రక్తపరీక్ష) చేయించుకుంటే ఒరిగేది తక్కువ, కలిగే కంగారు ఎక్కువ.

పలు అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణ ప్రకారం, సిరోసిస్ రోగుల్లో తొలిదశ క్యాన్సర్‌ను కడుపు స్కానింగ్ (అల్ట్రాసౌండ్) ఒక్కటే 45 శాతం మేర పట్టుకోగా, ఏఎఫ్‌పీ తోడైనప్పుడు అది 63 శాతానికి పెరిగింది. స్కానింగ్ చేసే చేతి నేర్పుతో పాటు రోగి శరీరం కూడా ఫలితాన్ని మారుస్తుంది. కొవ్వు పట్టిన కాలేయంలో ధ్వని తరంగాలు లోతుకు వెళ్లవు. 'కాలేయం పూర్తిగా కనిపించలేదు' అని రిపోర్టులో రాసిన వాక్యాన్ని చదివే రోగులు ఎందరు? ఏఎఫ్‌పీదీ ఇలాంటి కథే: హెపటైటిస్ (కాలేయ వాపు) ఉద్ధృతమైనా పెరుగుతుంది, క్యాన్సర్ ఉన్నా కొందరిలో పెరగదు. అందుకే మిల్లీలీటరు రక్తానికి 20 నానోగ్రాముల గీత దాటిందా లేదా అన్నదానికంటే, పాత రిపోర్టులతో పోల్చినప్పుడు అంకె ఎక్కుతూ పోతోందా అన్నది ముఖ్యం. అనుమానం వస్తే నిర్ధారణకు కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా కనిపించేందుకు నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చి తీసే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ ఉండనే ఉన్నాయి.

అసలు చిక్కు అంతకుముందే ఉంది. దూబగుంట మహిళలు సారాపై తిరగబడిన నెల్లూరు జిల్లాలో తాగుడు కాలేయానికి చేసే చేటును కొత్తగా చెప్పనక్కరలేదు గానీ, చుక్క ముట్టనివారికీ మధుమేహం, ఊబకాయం, హెపటైటిస్-బి వల్ల సిరోసిస్ రావచ్చని తెలిసినవారు తక్కువ. (పచ్చకామెర్లకు పసరు తాగి ఊరుకునేవారి సంగతి సరేసరి.) హెపటైటిస్ పరీక్ష, మందులు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితమే.

ఉదయగిరి, కనిగిరి మెట్ట పల్లెల నుంచి స్కానింగ్‌కు నెల్లూరో ఒంగోలో రావాలంటే రోగితో పాటు తోడు వచ్చినవారి కూలీ పోతుంది. ఊళ్లో తీసిన రక్తం ల్యాబుకు ప్రయాణించగలదు. స్కానింగ్‌కు మాత్రం మనిషే కదలాలి. చైనాలోని షాంఘైలో 18,816 మందిపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో, రెండు పరీక్షలనూ ఆరు నెలలకోసారి చేయగా, పిలిచినప్పుడల్లా అందరూ రాకపోయినా, కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. ఆ అధ్యయన పద్ధతిపై విమర్శలు లేకపోలేదు. అయినా మన ఆసుపత్రులు కొత్త యంత్రాలకంటే ముందు సిరోసిస్ రోగుల పేర్లతో ఒక రిజిస్టరు తెరిచి, ఆరో నెల రాగానే ఫోన్ చేసే మనిషిని పెట్టుకోవాలని నా అభిప్రాయం.