దవాఖానలో ఎవరి సంతృప్తిని లెక్కిస్తున్నాం?

సర్కారు దవాఖానల గురించి సమీక్ష జరిగినప్పుడల్లా ‘రోగుల సంతృప్తి’ అని ఒక అంకె బయటికి వస్తుంది. నూటికి ఇంతమంది బాగుందన్నారని చెప్పి ఫైలు మూసేస్తారు. ఆ ఒక్క సగటు మీద నాకు నమ్మకం లేదు. రోగులు అబద్ధం చెబుతారని కాదు. ఎవరు ఏం ఆశించి దవాఖాన మెట్లెక్కారో అందులో కనపడదు. ఉమ్మడి నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లో మనిషికీ మనిషికీ ఆ ఆశల్లో ఉన్న తేడా చాలా పెద్దది.

హాల్, డోర్నన్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి 1990లో ఒక విశ్లేషణ ప్రచురించారు. వయసు పైబడినవాళ్లు, చదువు తక్కువ ఉన్నవాళ్లు వైద్యం పట్ల కాస్త ఎక్కువ సంతృప్తి చెబుతున్నారని అందులో తేలింది. ఆ తేడాలు చిన్నవేనని వాళ్లే రాశారు. కానీ 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఆడవాళ్లలో 45 శాతం కూడా లేదు. సగంమంది ఆడవాళ్లకు మందు చీటీ చదవడం రాని చోట చదువుతో వచ్చే తేడాను చిన్నదని పక్కన పెట్టలేం.

వయసు ఎందుకు తేడా తెస్తుందో అర్థం కావాలంటే ఆరోగ్యశ్రీని చూస్తే చాలు. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే ఎకరమో రెండెకరాలో అమ్ముకోవడం, లేదంటే మిత్తికి తేవడం. ఆ రోజులు చూసిన అరవై ఏళ్ల మనిషికి కార్డు మీద ఆపరేషన్ అయి ఇంటికి రావడమే గొప్ప. 2023 డిసెంబర్‌లో పరిమితిని 10 లక్షలకు పెంచారని తెలిసిన పాతికేళ్ల కొడుకు మాత్రం, అదే ఆపరేషన్‌కు ముందు టెస్టులకని చేతి నుంచి డబ్బు కట్టించుకుంటే ఎందుకని నిలదీస్తాడు. తండ్రి గతంతో పోల్చుకుంటున్నాడు, కొడుకు రావాల్సిన హక్కుతో పోల్చుకుంటున్నాడు. ఈ ఇద్దరి మార్కులు కలిపి రెండుతో భాగిస్తే వచ్చే అంకెకు అర్థమేమిటి?

అమర్త్యసేన్ 2002లో ఇదే సంగతిని దేశం మొత్తానికి వర్తింపజేసి చూపించారు. ఆయుర్దాయంలో ముందున్న కేరళలో జబ్బు పడ్డామని చెప్పేవాళ్లు ఎక్కువ, వెనకబడ్డ బీహార్‌లో తక్కువ. వైద్యం, చదువు అందినవాళ్లకు తమ జబ్బు కనిపిస్తుంది. అందనివాళ్లు దాన్ని బతుకులో భాగమనుకుంటారు. నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వంగిపోయిన నడుములను కొన్ని తరాలు ‘మా నీళ్లు అంతే’ అని మోసినట్టు.

ఉమ్మడి నల్గొండలోని ఒక సర్కారు దవాఖానలో నా కళ్లముందు జరిగిన సంగతి చెబుతాను. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక పెద్దావిడను డిశ్చార్జి చేస్తున్నారు. కాగితం ఇంకా నర్సు చేతిలోనే ఉంది. “ఏమ్మా, మంచిగ చూసిండ్రా?” అని నర్సు అడిగింది. “మంచిగనే చూసిండ్రు బిడ్డా” అన్నదావిడ. ఫారంలో టిక్కు పడింది. బయట బెంచీ మీద కూర్చున్నాక ఆమె కవర్లో మూడు రకాల గోళీలున్నాయి. ఏది బీపీకి, ఏది షుగర్‌కు అని అడిగితే తెలియదు. తెల్లది పొద్దున, ఎర్రది రాత్రి అని మాత్రం గుర్తు పెట్టుకుంది. ఎన్నాళ్లు వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. సార్లు కోపం చేస్తారేమోనని. ఇంట్లో లంబాడీ మాట్లాడే మనిషికి వార్డులో గడగడా చెప్పిన తెలుగు ఎంత అందిందో కూడా ఎవరూ చూడలేదు. ఆమె టిక్కు మాత్రం సంతృప్తి లెక్కలో చేరింది.

బ్రిటన్‌లో విలియమ్స్, కోయిల్, హీలీ అనే పరిశోధకులు 1998లో ఈ ముడినే విప్పే ప్రయత్నం చేశారు. రోగులతో తీరిగ్గా మాట్లాడితే చేదు అనుభవాలు బయటపడ్డాయి. ‘అది వాళ్ల బాధ్యత కాదులే, వాళ్ల తప్పు కాదులే’ అనుకుని ఫారంలో మాత్రం మంచి మార్కులే వేశారు. మన కాన్పు గదుల్లోనూ ఇదే. నొప్పులు పడుతుంటే కసురుకున్నా, బిడ్డ క్షేమంగా చేతికొచ్చింది కదా అని తల్లి ఆ మాటలు మింగేస్తుంది. హాల్, డోర్నన్ లెక్కల్లో ఆడా మగా తేడా కనపడలేదు. మింగేసిన మాటలు ఏ లెక్కలోకీ ఎక్కవు మరి.

కేంద్రం 2016లో ‘మేరా అస్పతాల్’ తెచ్చింది. ఎస్సెమ్మెస్, ఫోన్ కాల్, యాప్ ద్వారా రోగి అభిప్రాయం తీసుకుంటారు. ఆలోచన మంచిదే. కానీ ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు ముసలమ్మ ఇచ్చే నంబరు ఎవరిది? పుణెలోనో ముంబైలోనో పనికి పోయిన కొడుకుది. దవాఖానలో పడుకున్నది ఒకరు, మెసేజ్ అందేది ఇంకొకరికి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సంతృప్తి ఎందుకు ఎక్కువో కూడా ఒప్పుకోవాలి. అక్కర లేని యాంటీబయాటిక్, చీటికి మాటికి సూది. వైద్యంగా అది తప్పే. అయినా అతను రాత్రి పిలిచినా వస్తాడు, “ఏమైందవ్వా” అని పక్కన కూర్చుంటాడు, డబ్బులు పంట చేతికొచ్చాక తీసుకుంటాడు. అంటే సంతృప్తి ఒక్కటే మంచి వైద్యానికి కొలమానం కాదు. అట్లాగని దాన్ని తీసిపారేయనూ లేం. జనం ఎక్కువగా మార్కులు వేసేది మందుకు కాదు, మనిషిగా చూసినందుకు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. డాక్టర్లు, పరికరాలు పెరిగాయి. మాట్లాడే తీరుకు మాత్రం ఎవరూ బడ్జెట్ పెట్టలేదు.

అమెరికాలో 2008 నుంచి దవాఖానల వారీగా రోగుల అభిప్రాయాలు ప్రజల ముందు పెడుతున్నారు. వయసు, చదువు, ఇంట్లో మాట్లాడే భాష, రోగి తన ఆరోగ్యం గురించి తానే చెప్పేది, ఇవన్నీ పట్టి మార్కులను సర్దుబాటు చేస్తారు, ఎలాంటి రోగులు వచ్చారన్న దాన్ని బట్టి ఒక దవాఖానకు మార్కులు పెరగడమో తగ్గడమో జరగకుండా. దవాఖానలను పోల్చడానికి అది న్యాయమైన పద్ధతి. మనకు అంతకన్నా ముందు కావాల్సింది ఆ తేడాలను ఉన్నవి ఉన్నట్టు చూపించడం. సర్దేస్తే తండా ఆవిడ మళ్లీ కనపడకుండా పోతుంది.

అందుకే ‘మంచిగ చూసిండ్రా’ అన్న ప్రశ్న ఆపేయాలి. ఈ గోళీ దేనికో చెప్పారా, బయట ఏమైనా కొనిపించారా, ఎవరైనా కసురుకున్నారా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అని జరిగింది అడగాలి. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టుకుని కాదు, ఇంటికి చేరిన వారానికి, ఆ దవాఖానతో సంబంధం లేని మనిషి అడగాలి. తండాల్లో లంబాడీలో, పాలమూరు పాత బస్తీల్లో ఉర్దూలో, అమ్రాబాద్ అడవుల్లోని చెంచుల పెంటల్లో (గూడేల్లో) వాళ్లకు నమ్మకమున్న ఆశ కార్యకర్తను వెంటబెట్టుకుని. జిల్లా సమీక్షలో మొత్తం సగటుకన్నా ముందు చదవాల్సింది చదువు రాని, అరవై దాటిన ఆడవాళ్లు ఏమన్నారో ఆ వరుస. దాని పక్కనే డిగ్రీ చదివిన పిల్లల ఫిర్యాదులూ ఉండాలి. వాళ్లను సణిగేవాళ్లని కొట్టిపారేస్తున్నాం గానీ, పెద్దావిడ అడగలేని ప్రశ్నలు ఇప్పుడు అడుగుతున్నది వాళ్లే.